చర్చ: ఎయిరిండియా జంబోల్లో ఒక్కదాన్నయినా మన దేశంలో ఉంచుకోవాల్సిందా?

ఫోర్ట్ మూర్తి
2024 ఏప్రిల్ 22న ఎయిరిండియా జంబో (బోయింగ్ 747 విమానం) ఒకటి ముంబై నుంచి ఆఖరిసారి లేచింది. దాని రిజిస్ట్రేషన్ వీటీ-ఈవీఏ, పేరు ఆగ్రా. లేచీ లేవగానే రెక్కలు ఓసారి ఎడమకి, ఓసారి కుడికి వంచి సెలవు తీసుకుంది. వెళ్లింది అమెరికాకి, విడిభాగాల కోసం విప్పేయడానికి. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

నేను 1974 నుంచి బొంబాయి ఫోర్టులో ఒక టికెట్ల ఆఫీసులో పనిచేశాను. అప్పట్లో టికెట్టు చేత్తోనే రాసేవాళ్లం. కూపన్ల వెనక ఎర్ర కార్బన్ ఉండేది. పెన్ను గట్టిగా నొక్కి రాయకపోతే ఆఖరి కూపన్ మీద పేరు పడేది కాదు. సాయంత్రానికి వేళ్లన్నీ పారాణి పెట్టుకున్నట్టు ఎర్రబడేవి. బొంబాయి–లండన్–న్యూయార్క్ టికెట్టు రాసి, టైంటేబుల్ చూసి "మీది జంబో అండీ" అంటే ఎదుటి మనిషి మొహం వెలిగిపోయేది.

1971లో వచ్చిన మొదటిదాని పేరు ఎంపరర్ అశోక. ఆ తర్వాత రాజేంద్ర చోళ, విక్రమాదిత్య, అక్బర్... ఒకదానికి మన కృష్ణదేవరాయల పేరే పెట్టారు. ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి జరోఖా, అంటే రాజమహల్ గవాక్షంలాంటి బొమ్మ. జర్మనీలో స్పేయర్ మ్యూజియంలో లుఫ్తాన్సా 747 ఉంది, జనం దాని రెక్క మీదికెక్కి నిలబడతారు. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ తనదాన్ని లాంగ్‌రీచ్‌లో పెట్టుకుంది. మన పిల్లలు ఎక్కి చూడటానికి మనకూ ఒకటి ఉండొద్దా? ఇది పెద్ద తప్పని నా అభిప్రాయం.

విశాఖ వాసి
ఉండాలి. మా బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం పెట్టారు, ఎదురుగా కురుసుర జలాంతర్గామి. సెలవు రోజుల్లో క్యూ చూడాలి.

రాజంపేట రమణ
టీయూ-142 నేవీది, ప్రభుత్వం డబ్బు పెట్టింది. జంబోకి ఎవరు పెడతారు సార్? రెక్కల కొస నుంచి కొసకి 64 మీటర్లు, పొడవు 70 మీటర్లు. యాడ పెడతారు? రోడ్డు మీద తేవాలంటే ముక్కలు చెయ్యాల, మళ్లీ అతకాల. ఏటా రంగు, తుప్పు, కాపలా. దాని ఇంజన్లకీ చక్రాలకీ కొనేవాళ్లు ఉండారు కాబట్టి అమ్మినారు. పాత బస్సు అమ్మితే ఇంత ఏడుపు ఏడవం కదా.

ఫోర్ట్ మూర్తి
రమణ గారూ, బస్సుతో పోల్చకండి. టీయూ-142 రెక్కలు 50 మీటర్లు. దాన్నీ విప్పి తీసుకొచ్చి బీచ్‌లో మళ్లీ బిగించారు. 2017లో చేయగలిగాం, మరి దీనికి ఏం అడ్డం? తుప్పు సంగతంటారా, సముద్రం పక్కనే ఎందుకు పెట్టాలి? బేగంపేటలో 2008 నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు లేవు. జంబోని నేరుగా అక్కడే దింపి ఓ మూల నిలబెట్టొచ్చు. విప్పాల్సిన పనే లేదు.

లెక్కల సారు
బేగంపేటలో చోటుందా, రన్‌వే పొడవు చాలుతుందా అన్నది ముందు తేల్చండి.

రాజంపేట రమణ
తుప్పు అంటే బేగంపేట అంటారు. సరే, డబ్బు మాట వదిలేస్తా. ఎవురి జ్ఞాపకం సార్ ఇది? లండన్ పోయినోళ్లది, న్యూయార్క్ పోయినోళ్లది. మా అమ్మ కూడా 1986లో ఆ జంబోలోనే కువైట్ పోయింది. ఆ విమానాన్ని నేను టికెట్ కొని చూడాల్నా?

ఫోర్ట్ మూర్తి
చిన్న సవరణ. ఆ రోజుల్లో గల్ఫ్‌కి ఎయిర్‌బస్సులు చాలా తిరిగేవి. ఏ300లు 1982లో వచ్చాయి, ఏ310లు 1986లో. మీ అమ్మగారు ఎక్కింది జంబో కాకపోవచ్చు. వివరం తెలియకుండా జంబో మీద కోపం పెట్టుకోవడం సరికాదు.

కోనసీమ సుబ్బారావు
మా చిన్నాన్న 1990లో కువైట్‌లోనే ఉన్నాడండి. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్ చేరి అక్కడ విమానం ఎక్కాడు. 59 రోజుల్లో 488 సర్వీసులు నడిపి లక్షమందికి పైగా తెచ్చారు. జంబో అయినా ఎయిర్‌బస్ అయినా ఆ విమానాలకి మేం దండం పెట్టుకుంటామండి.

రాజంపేట రమణ
మా అమ్మ ఏం ఎక్కిందో మీరు నాకు చెప్తారా మూర్తి సారూ?

అప్పుడు నాకు ఏడేండ్లు. ఆస్పత్రిలో ఊడ్చే పని అని ఏజెంట్ చెప్పినాడు. ఉన్న ఎకరా చేను అమ్మి డబ్బు కట్టినాం. మద్రాస్–బొంబాయి మెయిల్ ఎక్కించి పంపినాం. బొంబాయిలో 18 దినాలు ఒక్క గదిలో పదకొండు మంది ఆడోళ్లు. ఆడ దిగినాక చూస్తే ఆస్పత్రి లేదు, ఏం లేదు. ఒక ఇంట్లో ఖద్దామా, అంటే పనిమనిషి. పాస్‌పోర్ట్ కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, పెరుక్కున్నాడు. నాలుగేండ్లు రాలేదు. యుద్ధం వచ్చింది కాబట్టి వచ్చింది, లేకుంటే ఎప్పుడొచ్చేదో! వచ్చినప్పుడు ఆమెను నేను గుర్తుపట్టలేదు. మా అవ్వ వెనక దాక్కున్నా.

మీరేమో జరోఖా అంటారు, చక్రవర్తుల పేర్లంటారు. మీలాంటి ఏజెంట్లే ఆమెను ఆ విమానం ఎక్కించింది. ఇప్పుడు దానికి మ్యూజియం కట్టాల్నా?

విశాఖ వాసి
ఇద్దరూ కొంచెం నెమ్మది.

ఫోర్ట్ మూర్తి
నన్ను ఏజెంట్ అనకండి. నేను టికెట్లు రాసినవాణ్ణి, మనుషుల్ని పంపినవాణ్ణి కాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఒక్క పైసా ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోలేదు.

ఫోర్ట్ మూర్తి
రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఏజెంట్లు మా ఆఫీసుకి వచ్చేవారు. పాతికేసి పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద పడేసి, సాయంత్రానికల్లా టికెట్లు కావాలనేవారు. నేను రాసేవాణ్ణి. సుబ్బలక్షుమ్మ, నాగమ్మ, షేక్ మహబూబ్‌బీ. పుట్టిన ఊరు దగ్గర రాయచోటి, రాజంపేట, పులివెందుల. తెలుగు పేర్లు కనబడితే నాకు సంతోషంగా ఉండేది, మనవాళ్లు విమానం ఎక్కుతున్నారని. ఒక్కరి మొహం కూడా చూడలేదు. ఎక్కడికి, ఏం పనికి అని ఒక్కనాడూ అడగలేదు.

అయినా విమానాన్ని ఉంచుకోవాలనే అంటాను. అది చేసిన తప్పేమీ లేదు.

రాజంపేట రమణ
విమానం తప్పు అని నేనెప్పుడన్నా సార్? ఉంచుకుంటే ఏం చూపిస్తారన్నదే నా బాధ. పై అంతస్తు సోఫాలు తుడిచి చూపిస్తారు, ఎయిరిండియా గుర్తు ఆ మహారాజా బొమ్మ పెడతారు. వెనక వరసల్లో మోకాళ్ల మీద సంచి పెట్టుకొని, ఆ బెల్టు యాడ తగిలించాల్నో తెలీక కూర్చున్న ఆడోళ్లను ఎవురు చూపిస్తారు? అది కూడా పెడతామని రాసిస్తే నేనూ చందా ఇస్తా.

కోనసీమ సుబ్బారావు
ఈ మాట ముందే అని ఉంటే ఇంత గొడవ లేకపోయేదండి.

లెక్కల సారు
రన్‌వే సంగతి ఎవరూ చెప్పలేదు.

రాజంపేట రమణ
నిన్న అమ్మను అడిగినా. విమానం లోపలికి అడుగు పెట్టంగానే ఎడం పక్క చూస్తే మెట్లు కనపడినాయంట. మెలి తిరిగి పైకి పోయేవి, దేవళం గోపురం లోపలి మెట్ల మాదిరి. అటు పోబోతే ఒకామె చెయ్యి పట్టుకొని కుడి పక్కకు తిప్పిందంట. ఎయిర్‌బస్‌లో మెట్లు ఉంటాయా సార్?

ఫోర్ట్ మూర్తి
ఉండవు. అది జంబోయే. నాదే పొరపాటు, క్షమించండి. మెట్లు మెలి తిరిగి ఉన్నాయంటే తప్పకుండా జంబోల్లో పాతదైన 747-200 రకమే. 1988లో వచ్చిన 300ల్లోనూ, 1993 నుంచి వచ్చిన 400ల్లోనూ మెట్లు తిన్నగా ఉంటాయి. అంటే 2024లో పోయిన ఆగ్రా కాదు, చక్రవర్తుల పేర్లున్న వాటిలో ఒకటి అయ్యుండాలి. ఆ పేరు విమానం ముక్కు దగ్గర రాసి ఉండేది. ఎక్కేటప్పుడు ఏ పేరు చూశారో అమ్మగారికి గుర్తుందేమో అడుగుతారా?

రాజంపేట రమణ
అమ్మకు చదువు రాదు సార్.