‘ఈద్గాహ్’ పాఠం చెప్పాక "మరి మీ ఇంట్లో?" అని అడగాలా, వద్దా?

హిందీ పండిట్:
పదో తరగతిలో ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ చెబుతాం కదా. తిరునాళ్లలో తోటి పిల్లలు మిఠాయిలూ బొమ్మలూ కొనుక్కుంటుంటే, హామిద్ తన మూడు పైసలూ పెట్టి, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్లు కాలుతున్నాయని చిమ్టా, అంటే పట్టకారు, కొంటాడు. పాఠం అయ్యాక "ఇంట్లోవాళ్ల కోసం మీరేం మానుకున్నారు?" అని అడుగుతాను. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం చెప్పింది కూడా బడి చదువును బయటి జీవితంతో కలపమనే. మా స్టాఫ్‌రూంలో మాత్రం టైం వేస్ట్ అంటున్నారు.

చివరి బెంచీ:
టైం సంగతి సరే మాస్టారూ, నేనూ ఇలాగే అడిగి దెబ్బతిన్నాను. వరసగా నలుగురు "అమ్మకి చీర కొన్నా సార్" అన్నారు, నేను ఏం వినాలనుకుంటున్నానో పసిగట్టేశారన్నమాట. వెనకాల ఒకడు తల దించుకుని పెన్ను క్యాప్ కొరుకుతూ కూర్చున్నాడు. వాళ్ల నాన్న పోయి ఆర్నెల్లే అయిందని తర్వాత తెలిసింది. నాన్న డబ్బు సంచులతో తిరిగొస్తాడని నమ్మే అనాథ కథ చెబుతూ ఆ ప్రశ్న అడిగాను, నా బుద్ధి ఏమైందో!

ఇద్దరు పిల్లల అమ్మ:
మా పాప "మనింట్లో అలాంటివేం జరగలేదు కదమ్మా" అని టెన్షన్ పడి, చివరికి ఓ కథ అల్లుకుపోయింది. దానికి మెచ్చుకోలు కూడానూ.

పల్లెబడి టీచరమ్మ:
మీరంతా పిల్లల మంచితనం గురించి అడుగుతున్నారు. వస్తువు గురించి అడిగి చూడండి. నేను క్లాసుకి పట్టకారు తీసుకెళ్లి బల్లమీద పెట్టి, ఇది మీ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందన్నాను. ఒకమ్మాయి "మాకు లేదు టీచర్, మసిగుడ్డతోనే దించుతాం" అంది. ఇంకొకడు బేరం దగ్గర పట్టుకున్నాడు. అసలు కథలో దుకాణదారు ఆరు పైసలంటాడు, తర్వాత అయిదుకి దిగుతాడు, వీడు మూడంటాడు, తిడతాడేమోనని ముందుకెళ్లిపోతే అతనే వెనక్కి పిలుస్తాడు. "హామిద్ భయపడి వెళ్లాడు టీచర్, మా అమ్మయితే కావాలనే వెళ్తుంది" అన్నాడు. పదేళ్లుగా చెబుతున్నా, నాకెప్పుడూ తట్టలేదది.

చివరి బెంచీ:
బాగుంది మేడమ్. అప్పుడూ నోరు విప్పనివాడుంటే?

పల్లెబడి టీచరమ్మ:
వదిలేస్తాను. వింటున్నాడు కదా.

హిందీ పండిట్:
సరే, రేపు పట్టకారు తీసుకెళ్తా. ఇంట్లో ఎక్కడుంటుందో తెలీదు, మా ఆవిణ్ణి అడగాలి.