పంటి నరం బయటపడితే దాన్ని బతికించే సిమెంట్లలో ఏది మేలు?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

మా అమ్మాయికి 8 ఏళ్లు. కింది దవడలో ఆరేళ్లప్పుడు వచ్చిన పెద్ద పన్ను పిప్పి పట్టింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు పుచ్చు నరానికి చాలా దగ్గరగా వెళ్లిందని, సోమవారం దాన్ని తీసేటప్పుడు నరం బయటపడవచ్చని చెప్పారు. అలా జరిగితే కాల్షియం హైడ్రాక్సైడ్, ఎంటీఏ (మినరల్ ట్రయాక్సైడ్ అగ్రిగేట్), బయోడెంటిన్ అనే సిమెంట్లలో ఒకటి దాని మీద పెట్టి పన్నును కాపాడే ప్రయత్నం చేస్తామన్నారు. వీటి ధరల్లో చాలా తేడా ఉంది. ఖరీదైనది నిజంగా అవసరమా, లేక నేరుగా రూట్ కెనాల్ చేయించడమే మంచిదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (దంత వైద్యుడు, చిత్తూరు)

ఈ వయసులో, లోపలి గుజ్జును పూర్తిగా తీసేసే రూట్ కెనాల్‌కు నేరుగా వెళ్లకండి. పన్ను మొలిచాక దాని వేరు పూర్తిగా ఏర్పడడానికి సుమారు 3 ఏళ్లు పడుతుంది, ఆ వేరును పెంచేది లోపలి గుజ్జే. మనం నరం అని పిలిచే ఆ గుజ్జులో రక్తనాళాలూ మూలకణాలూ ఉంటాయి కాబట్టి, తగిన రక్షణ దొరికితే అది గాయం మీద కొత్త డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) పొరను తానే కట్టుకుంటుంది.

కాల్షియం హైడ్రాక్సైడ్ చాలాకాలంగా వాడుతున్న మందు. దాని తీవ్రమైన క్షారగుణం క్రిములను చంపి గుజ్జును మేల్కొలుపుతుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోతుంది. దాని కింద ఏర్పడే పొరలో సన్నని సొరంగాల వంటి ఖాళీలు కూడా మిగులుతుంటాయి. 1990లలో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఎంటీఏ, ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టమే అయినా వైద్యానికి తగినట్టు శుద్ధి చేసినది. తడి ఉన్నచోట కూడా గట్టిపడి, కాల్షియాన్ని విడుదల చేస్తూనే సందు లేకుండా మూసివేస్తుంది. అయితే గట్టిపడడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. బయోడెంటిన్ కూడా ఆ కోవకు చెందిన కాల్షియం సిలికేటే కానీ సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది. నా అభిప్రాయంలో మీ అమ్మాయికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

మందు కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. 1965లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, క్రిములే లేని వాతావరణంలో పెరిగిన ఎలుకలకు పంటి గుజ్జును తెరిచి ఏ మందూ పెట్టకుండా వదిలేసినా గాయం మానింది. మామూలు ఎలుకల్లో మాత్రం గుజ్జు చచ్చిపోయింది. కాబట్టి లాలాజలం తగలకుండా పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలుచని రబ్బరు తెర వేస్తారా, సిమెంటు మీద శాశ్వతమైన ఫిల్లింగును వీలైనంత త్వరగా పెడతారా అని తప్పక అడగండి.

జవాబు (పలమనేరు)

మా అబ్బాయి సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరిగినప్పుడు ఎంటీఏ పెట్టించాం. పన్ను బతికింది కానీ ఏడాదిలోపే బూడిద రంగుకు తిరిగింది. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

జవాబు (దంత వైద్యుడు, చిత్తూరు)

మీ బాధ న్యాయమైనదేనమ్మా. ఎక్స్‌రేలో కనబడేందుకు ఎంటీఏలో కలిపే బిస్మత్ ఆక్సైడే సాధారణంగా ఆ రంగుకు కారణం. బయోడెంటిన్‌లో దానికి బదులు జిర్కోనియం ఆక్సైడ్ వాడతారు కనుక, ముందు పళ్లకు నేను దాన్నే ఎంచుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు డాక్టరు గారూ. చల్లనీళ్లు తాగితే పాపకు జివ్వుమంటుంది, మింగగానే తగ్గిపోతుంది. రాత్రి నొప్పితో ఎప్పుడూ లేవలేదు. ఇది మంచి సూచనేనా?

జవాబు (దంత వైద్య పీజీ విద్యార్థిని, తిరుపతి)

మంచి సూచనేనండి. నొప్పి చాలాసేపు నిలిచినా, ఏ కారణమూ లేకుండా రాత్రిపూట వచ్చినా గుజ్జు బాగా వాచిందని అనుమానించాలి. అసలు పరీక్ష మాత్రం నరం బయటపడిన క్షణంలోనే జరుగుతుంది. సోడియం హైపోక్లోరైట్‌లో తడిపిన దూదిని కొన్ని నిమిషాలు అదిమితే రక్తం ఆగాలి. ఆగకపోతే పైభాగంలో వాచిన గుజ్జును సుమారు 2 మిల్లీమీటర్ల మేర తొలగించి, మిగిలిన ఆరోగ్యకరమైన గుజ్జు మీద అదే సిమెంటును పెడతారు. అంతమాత్రాన పన్ను పోయినట్టు కాదు, పిల్లల్లో ఇది కూడా చక్కగా ఫలిస్తుంది. ఆ తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీయించి వేరు పెరుగుతోందో లేదో చూపించుకోండి. నొప్పి లేదని ఆ పరీక్షలను మానవద్దు, ఎందుకంటే గుజ్జు ఏ నొప్పీ లేకుండా కూడా చచ్చిపోవచ్చు.