కుక్కకి జ్వరం, ప్లేట్‌లెట్లు 48 వేలు. స్కానింగ్ కూడా తీయించాలా?

రాకీగాడి అమ్మ:
మా రాకీ లాబ్రడార్, నాలుగేళ్ళు. ఐదు రోజులుగా తిండి ముట్టడం లేదు. పెరుగన్నం గిన్నె చప్పుడైతే చాలు మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చేవాడు, ఇప్పుడు గిన్నె ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పేసుకుంటున్నాడు. జ్వరం 104. నిన్న రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు 48 వేలు వచ్చాయి. టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) అయ్యుంటుందని డాక్టర్ గారు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, స్మియర్‌లో, అంటే రక్తం చుక్క స్లైడు మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే మాత్రం ఏమీ కనపడలేదట. ఇప్పుడు కిట్ టెస్టు, పొట్ట స్కానింగ్ అంటున్నారు. మందు ఎలాగూ ఇచ్చేశారు కదా, మళ్ళీ ఇవన్నీ ఎందుకు? మా ఆయనేమో డబ్బులు గుంజడానికే అంటున్నారు, నాకేమో టెన్షన్. మాది విజయవాడ.

స్లైడు పురుగు:
పశువుల ల్యాబ్‌లో పనిచేస్తానండి, రోజూ చూసే గొడవే ఇది. ముందు ఆ 48 వేలు మెషిన్ చెప్పిందా, మనిషి లెక్కపెట్టారా అడగండి. రక్తం తీసేటప్పుడు కుక్క గింజుకుని సూది రెండు మూడు సార్లు గుచ్చాల్సి వస్తే ప్లేట్‌లెట్లు ముద్దలు కడతాయి, మెషిన్ ఆ ముద్దల్ని లెక్కలో వదిలేస్తుంది. స్లైడు అంచున చూస్తే గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. ఇక స్మియర్‌లో ఏమీ లేదంటే జబ్బు లేదని కాదు. టిక్ ఫీవర్ తెచ్చే క్రిముల్లో ఎర్లికియా అనేది తెల్లకణాల్లో దాక్కుంటుంది, ఒక్క స్లైడులో దొరికితే అదృష్టమే. బబేసియా అనే ఇంకో క్రిమి ఎర్రకణాల్లో ఉంటుంది కాబట్టి కాస్త తేలిగ్గా దొరుకుతుంది. రెండూ పిడుదుల వల్లే వస్తాయి కానీ బబేసియాకి డాక్సీ ఒక్కటే చాలదు, వేరే ఇంజెక్షన్ కావాలి. అందుకే టెస్టు. కిట్ చూసేది క్రిమిని కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలనండి, జబ్బు కొత్తగా ఉంటే నెగెటివ్ రావచ్చు, ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా నెలల తరబడి పాజిటివ్ చూపిస్తుంది.

జూలీ బాబాయ్:
అక్కా, స్కానింగ్ మానకండి. మా జూలీ ఆడకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. జ్వరం, తిండి లేదు, నీళ్ళు మాత్రం బకెట్లు తాగేది. ఒకాయన చెయ్యి పెట్టి చూసి టిక్ ఫీవరే అన్నాడు, టెస్టు గిస్టు ఏమీ లేకుండా పది రోజులు మాత్రలు మింగించాం. తర్వాత ఇంకోచోట పొట్ట మీద వెంట్రుకలు గీకి, జెల్లు రాసి ప్రోబ్ పెట్టగానే తెర మీద నల్లటి గొట్టాలు, గర్భసంచి నిండా చీము. ఆ రాత్రే ఆపరేషన్. మీవాడు మగ కాబట్టి ఈ బాధ లేదనుకోండి, కానీ జ్వరానికి వందుంటాయి కారణాలు.

పాత చెప్పు:
నేను మీ ఆయన పక్షం కొంచెం. ప్రతి టెస్టుకీ ముందు ఒకటే అడగండి: "పాజిటివ్ వస్తే ఏం మారుస్తారు, నెగెటివ్ వస్తే ఏం మారుస్తారు?" రెండింటికీ ఒకటే జవాబైతే ఆ టెస్టు ఆగొచ్చు. స్కానింగ్‌లో ప్లీహం, లివర్, కిడ్నీలు కనిపిస్తాయి కాబట్టి అది న్యాయమే. ఎక్స్‌రే రాస్తే మాత్రం ఎందుకని గట్టిగా అడగండి. ఖర్చు భారమైతే గన్నవరం వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే కదా, అక్కడ కనుక్కోండి. జ్వరం ఉంది కదా అని మన పారాసిటమాల్, బ్రూఫెన్ వేయకండి, అసలే ప్లేట్‌లెట్లు తక్కువ. చిగుళ్ళ మీదో పొట్ట మీదో ఎర్ర చుక్కలు వచ్చినా, ముక్కులోంచి రక్తం కారినా, దొడ్డికి నల్లగా వెళ్ళినా తెల్లారేదాకా ఆగొద్దు.

రాకీగాడి అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. స్లైడు మీద చేత్తో లెక్కపెట్టించాం, 71 వేలు. గుత్తులు ఉన్నాయట. కిట్‌లో ఎర్లికియా గీత పడింది, స్కానింగ్‌లో ప్లీహం వాచింది, మిగతావి బాగానే ఉన్నాయి. డాక్సీ 28 రోజులు, వారానికోసారి రక్తం చూస్తారట. స్కానింగ్‌కి ఖాళీ కడుపుతో తీసుకురమ్మంటే మా ఆయన "వాడు ఐదు రోజులుగా అదే పని మీదున్నాడు" అన్నారు. చెవి వెనక రెండు పిడుదులు కూడా ఆయనకే దొరికాయి. ఇందాక నా చేతిలోంచి మూడు ముద్దలు పెరుగన్నం తిన్నాడు.