అప్‌డేట్: గ్లైసిన్ ఎంజైము, ఊపిరితిత్తుల క్యాన్సరు

ప్రోటీన్లలో ఉండే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టే మామూలు ఎంజైముకు క్యాన్సరు పుట్టుకలో ఏం పని అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మీలో ఒకరు సూచించిన, 2012లో 'సెల్' పత్రికలో వచ్చిన సింగపూర్ పరిశోధన చదివాను.

ఆ ఎంజైము పేరు గ్లైసిన్ డీకార్బాక్సిలేజ్. ఇది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. గ్లైసిన్ నుంచి ఒక కార్బన్‌ను తీసి ఫోలేట్ అనే బి విటమిన్‌కు అందిస్తుంది. ఆ కార్బన్ డీఎన్ఏకు కావలసిన పిరిమిడిన్లు అనే భాగాల తయారీకి పనికొస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరులో నాన్ స్మాల్ సెల్ అనే రకంలో కణితిని మొదలుపెట్టే కణాల్లో ఈ ఎంజైము ఎక్కువగా కనిపించింది. అంతకన్నా ఆశ్చర్యం, ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లో (సంధాన కణజాల కణాల్లో) దీన్ని పెంచితే చాలు, అవీ కణితి కణాల్లా మారాయి! అంటే ఇది కేవలం పక్కవాద్యం కాదు.

గ్లైసిన్ ఉన్న ఆహారం మానేయమని జవాబుల్లో వచ్చిన సలహా మాత్రం నాకు నచ్చలేదు. సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది. పైగా ఈ ఎంజైము పుట్టుకతో లోపించిన శిశువులకు తీవ్రమైన మూర్ఛలు వస్తాయి. కాబట్టి మందుతో అడ్డుకోవడమూ తేలిక కాదు.