అప్‌డేట్: పోలోకి షార్ట్ షిఫ్టర్ బిగించేశాను

ఒంగోలులో ఇంటి దగ్గరే మా ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) మాన్యువల్ కారుకి షార్ట్ షిఫ్టర్, అంటే గేర్ రాడ్డు తక్కువ దూరం కదిలితేనే గేర్ పడేలా చేసే పొట్టి లివర్, వేసుకోవచ్చా, గేర్‌బాక్స్ దించాలా అని ఇక్కడ అడిగాను కదా. దించక్కర్లేదు. బ్యాటరీ, దాని ట్రే తీస్తే చాలు, గేర్‌బాక్స్ మీద మార్చాల్సిన లివర్ చేతికందుతుంది.

అసలు పనంతా కేబుల్ సెట్టింగే. గేర్ రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే రెండు కేబుళ్ల కాలర్లు (లాక్ రింగులు) ముందుకు లాగి, తిప్పి లాక్ చేయాలి. గేర్‌బాక్స్ మీద గేర్లు మార్చే సెలెక్టర్ షాఫ్ట్ కిందికి నొక్కి లాక్ చేసి, కారు లోపల గేర్ రాడ్డు దగ్గరి రంధ్రంలో 4.5 ఎంఎం డ్రిల్ బిట్ దూర్చాలి. అప్పుడు కాలర్లు వదిలితే టక్కుమని వాటంతటవే కూర్చుంటాయి. నా ప్రశ్నకి జవాబుగా ఇది చెప్పిన అన్నకి చేతులెత్తి దండం.

సింగరాయకొండ దాకా హైవే మీద వెళ్లొచ్చాను. రెండో గేర్ నుంచి మూడుకి చెయ్యి కదిలీ కదలకముందే పడుతోంది! గేర్‌బాక్స్ వైపు లివర్ పొట్టిదైంది కాబట్టి గేర్ వెయ్యడం కాస్త బరువుగా ఉంది. కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లో నాన్నకి నచ్చకపోవచ్చు, నేను మాత్రం తీయను.