అప్‌డేట్: మదీరాలో జీనో పెట్రెల్ దొరికిందా?

జూన్‌లో మదీరా (అట్లాంటిక్‌లోని పోర్చుగల్ ద్వీపం) వెళ్తున్నాం, అక్కడ మాత్రమే ఉండే పక్షుల్ని ఎక్కడ చూడాలి, కారు తప్పనిసరా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం.

అక్కడ మాత్రమే ఉండే ట్రోకాజ్ పావురం కోసం మీరు చెప్పిన, రిబేరో ఫ్రియో ఊరి దగ్గరి బాల్కోయిష్ వ్యూపాయింట్‌కే వెళ్లాం. దారి దాదాపు చదునే, అమ్మ కూడా హాయిగా నడిచింది. కింద లోయలో లారెల్ అడవి మీదుగా పావురాలు ఎగిరాయి, కాకపోతే బాగా దూరం. బైనాక్యులర్ లేకపోతే మామూలు పావురమే అనుకుంటారు. పిచ్చుకంత ఉండే ఛాఫించ్ పక్షులు మాత్రం చేతిమీదే వాలుతున్నాయి!

ఇక జీనో పెట్రెల్ అనే సముద్రపక్షి. అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి గూళ్లు 1969లో మళ్లీ బయటపడ్డాయి. రాత్రి దాని ఏడుపులాంటి అరుపు విని, చనిపోయిన కాపరుల ఆత్మలని కొండ జనం నమ్మేవారట. 1818 మీటర్ల ఎత్తున్న పికో దో అరియేరో శిఖరం దగ్గర, గైడ్‌తో చీకట్లో కూర్చున్నాం. చలికి పళ్లు టకటకలాడాయి. అరుపులు స్పష్టంగా వినిపించాయి, పక్షి ఒక్క నీడలా తల మీద నుంచి దూసుకుపోయింది. దాన్ని 'చూశాను' అనొచ్చా? నేనైతే చూసిన పక్షుల లిస్టులో రాసేసుకున్నాను.

కారు సంగతి: పగటికి బస్సు, టాక్సీ సరిపోతాయి. రాత్రి ట్రిప్‌కి గైడే తీసుకెళ్లాడు. జూన్ అయినా మందపాటి జాకెట్ పెట్టుకోండి. మచికో ఊరి నుంచి పడవ ట్రిప్ మాత్రం అలల వల్ల రద్దయింది.