కుందేలు జెజునంపై వాము సారం: ఈ సడలింపు సారం వల్లేనా?

ప్రశ్న: వాము గింజల ఇథనాల్ సారాన్ని కుందేలు జెజునం (చిన్నపేగు మధ్య భాగం) ముక్కపై పరీక్షిస్తున్నాం. 10 మి.లీ. ఆర్గన్ బాత్ (కణజాలాన్ని బతికించి ఉంచే పాత్ర), టైరోడ్ ద్రావణం (లవణాలు, గ్లూకోజ్ ఉన్న పోషక ద్రావణం), 37 డిగ్రీలు, కార్బోజెన్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం), 1 గ్రాము టెన్షన్. స్టాక్ (సారం గాఢ ద్రావణం) డీఎంఎస్ఓ అనే ద్రావణిలో, మి.లీ.కి 100 మి.గ్రా. బాత్‌లో మి.లీ.కి 1 మి.గ్రా. చేరేసరికి కదలికలు పూర్తిగా ఆగిపోతున్నాయి. సారం పేగు పట్టేయడాన్ని తగ్గిస్తుందని రాయొచ్చా?

జవాబు 1: అప్పుడే రాయకండి. ఆ గాఢతకు 0.1 మి.లీ. స్టాక్ పోశారు, అంటే బాత్‌లో 1% డీఎంఎస్ఓ ఉంది. ఆ మోతాదులో అదొక్కటే కండరాన్ని సడలించగలదు. అంతే డీఎంఎస్ఓను వేరే ముక్కపై పోసి చూడండి. వీలైతే సారాన్ని నీటిలో కరిగించి, డీఎంఎస్ఓ 0.1% దాటనివ్వకండి. తర్వాత మూడు నాలుగు సార్లు కడగండి. కదలికలు తిరిగి రాకపోతే కణజాలం దెబ్బతిందేమో అని అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు: కడిగాక 20 నిమిషాల్లో తిరిగి వస్తున్నాయండి.

జవాబు 2: అయితే అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మామూలు కదలికలు ఆగడం వేరు, పట్టేసిన కండరం విడవడం వేరు. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ 0.265 మి.లీ. పోస్తే బాత్‌లో మొత్తం పొటాషియం 80 మి.మోలార్ అవుతుంది, కండరం బిగిసి అలాగే నిలుస్తుంది. దాని మీద సారాన్ని మోతాదు పెంచుతూ పోయండి. విడిస్తే సారం కండర కణాల్లోకి కాల్షియం రాకుండా అడ్డుకుంటోందని అనుకోవచ్చు. కాల్షియం ప్రవేశాన్ని ఆపే మందు వెరాపమిల్ ప్రభావంతో పోల్చండి. కాల్షియం లేని ద్రావణంలో కాల్షియాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ బిగింపు వక్రరేఖను సారం లేకుండా, సారంతో గీసి, అది కుడికి జరిగి గరిష్ఠం కూడా తగ్గితేనే నిర్ధారణ.

80 మి.మోలార్ పొటాషియంలో విడవక 25 మి.మోలార్‌లో (అదే 3 మోలార్ ద్రావణం 0.075 మి.లీ.) మాత్రమే విడిస్తే పొటాషియం చానళ్లు తెరుచుకుంటున్నాయేమో చూడాలి, ఆ చానళ్లలో ఒక రకాన్ని మూసే గ్లిబెన్‌క్లమైడ్ ముందే ఇస్తే ఆ ప్రభావం తగ్గాలి. కార్బకాల్ (ఎసిటైల్‌కోలిన్‌లా కండరాన్ని బిగించే మందు) బిగింపు ఒక్కటే తగ్గితే, ఆ గ్రాహకాలను అడ్డుకునే అట్రోపిన్ తరహా. మొక్కల సారాల్లో సహజంగానే పొటాషియం ఉంటుంది, అది కొలవకుండా ఈ ఫలితాలు చదవొద్దు.

జవాబు 3: రెండు విషయాలు. వాములో ప్రధానమైన థైమాల్ ఆవిరయ్యే రకం. సారాన్ని వేడిలో ఎక్కువసేపు ఆరబెడితే అది పోతుంది, బ్యాచ్‌కు బ్యాచ్‌కు ఫలితం మారుతుంది. ప్రతి బ్యాచ్‌లో థైమాల్ కొలవండి. ఒకే కుందేలు నుంచి తీసిన నాలుగు ముక్కలు నాలుగు నమూనాలు కావు. లెక్కలోకి వచ్చేది కుందేళ్ల సంఖ్యే.